గ్యాస్ట్రో డాక్టరే న్యూట్రిషన్ కూడా చూస్తే ఇలా ఉంటుంది

మా తమ్ముడికి క్రోన్స్ వ్యాధి, అంటే పేగుల్లో ఏళ్ల తరబడి వాపు, పుండ్లు వచ్చే జబ్బు. చిన్నపేగు చివరి భాగం ఆపరేషన్‌లో తీసేశాక మనిషి చిక్కి సగమయ్యాడు. ఇదివరకు చూపించిన చోట ఎండోస్కోపీ, మందుల చీటీ, అంతే. తిండి గురించి అడిగితే "మెత్తగా తినండి" అనేవారు, అదేం సలహానో!

ఈ కన్సల్టెంట్ గ్యాస్ట్రోతో పాటు క్లినికల్ న్యూట్రిషన్ కూడా చూస్తారు, తేడా మొదటి విజిట్‌లోనే తెలిసింది. రిపోర్టులు తెరవకముందే బరువు ఎన్నాళ్లలో ఎంత తగ్గిందో అడిగారు, చేతి కండ పట్టి చూశారు, బీ12 విటమిన్‌ను పీల్చుకునేది ఆ తీసేసిన భాగమే కాబట్టి ఇంజెక్షన్లు రాశారు. అడ్మిట్ చేశాక ముక్కు ట్యూబు ద్వారా ఫీడ్ మొదలుపెట్టారు. త్వరగా కోలుకోవాలని మేం ఎక్కువ పెట్టమంటే ఒప్పుకోలేదు. బాగా చిక్కిపోయిన ఒంట్లోకి ఒక్కసారిగా ఆహారం వెళ్తే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండెకే ముప్పట, దాన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారట. అందుకే ముందు థయమిన్ (బీ1 విటమిన్) ఇచ్చి, రోజూ రక్తపరీక్ష చూసుకుంటూ కొద్దికొద్దిగా పెంచారు. సెలైన్‌లా నరానికే ఎక్కించొచ్చు కదా అంటే, పేగు పనిచేస్తున్నంతవరకు పేగునే వాడాలి, నరం లైనుకు ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ అని ఓపిగ్గా చెప్పారు.

ఓపీలో వెయిటింగ్ మాత్రం నరకం, అపాయింట్‌మెంట్ టైం పేరుకే. డైటీషియన్‌ను కలవాలంటే మళ్లీ ఇంకో రోజు రావాలి, అదొక విసుగు. అయినా రివ్యూలకు అక్కడికే వెళ్తున్నాం.