రాజమండ్రిలో శాస్త్రీయ సంగీతం రికార్డుల కొట్టు

ఏ రాగం కావాలన్నా ఫోన్‌లో నిమిషంలో దొరుకుతుంటే కొట్టుకెళ్లి రికార్డు కొనడమేంటని మా ఇంట్లో అడుగుతున్నారు. కోటగుమ్మం దగ్గర సందులో ఉన్న ఈ పాత రికార్డుల కొట్టుకి ఒక్కసారి వస్తే అడగడం మానేస్తారు.

ముందు గదంతా సినిమా పాటలు. శాస్త్రీయ సంగీతం వెనక గదిలో ఉంది. అక్కడ ఓనరుగారు మన గోదావరి వాళ్లకి విడిగా ఒక పెట్టె పెట్టారు. శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ, ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు కాకినాడ చిట్టిబాబు, అందరూ అందులోనే. బాలమురళి కోసం వెళ్లిన నేను ఈమని వారి వీణతో బయటికొచ్చాను. ఒక్కసారి మీటి, ఆ నాదం ఆరిపోయేలోపు తీగ లాగి నాలుగైదు స్వరాలు పలికిస్తుంటే లేవబుద్ధి కాలేదు. వెంటనే చిట్టిబాబు రికార్డు పెట్టించుకున్నాను. చిన్నప్పటి నుంచి వింటున్న ఆ వీణ ఎవరి దగ్గర నేర్చిందో అప్పుడు చెవికి తెలిసింది. ఫోన్ మాత్రం చిట్టిబాబు తర్వాత మళ్లీ చిట్టిబాబునే ఇచ్చేది.

ఇక్కడ వినిపించకుండా అమ్మరు. రికార్డుని అంచులు పట్టుకుని ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా తిప్పి చూపిస్తారు. నేను ముచ్చటపడిన ఒక ఎల్పీ (ఎక్కువసేపు మోగే పెద్ద రికార్డు) మీద మెల్లగా గోరు ఆనించి, "గీత గోటికి తగులుతోందండి. ముల్లు ఇక్కడికి రాగానే టక్కుమంటది, వద్దు" అని తీసి లోపల పెట్టేశారు. అమ్ముకునే మనిషి అలా అనడం నాకు ఎంతో నచ్చింది.

78 స్పీడువి, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం రికార్డులు కూడా ఉన్నాయి. ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లరే. అంతలో కృతిని ఎలా ఇమిడ్చేవారో వినాల్సిందే. లక్కతో చేసినవి కాబట్టి జారితే పగులుతాయి, ఎల్పీ ముల్లు వీటికి వాడకూడదని చెప్పి మరీ ఇస్తారు. ఎల్పీ అయితే ఒక్కో వైపు 20 నిమిషాల పైనే వస్తుంది, ఆలాపనకి ఊపిరాడుతుంది.

ధరలు అట్టల మీద రాయరు, ప్రతిదీ అడగాలి. హిందుస్తానీ దొంతరలో వరస లేదు, వెతకడానికి ఓపిక కావాలి. నా ఎల్పీ 600 పడింది. అట్టకి కాస్త బూజు వాసనున్నా రికార్డు శుభ్రంగా ఉంది.

పొద్దున్నే వెళ్తే నింపాదిగా వినొచ్చు. కొన్నవి మాత్రం ఎండలో కారులో వదిలేయకండి, వంగిపోతాయి.