మాల్టాకు మొదటిసారి వెళ్తుంటే ముందు బస సంగతి చూడండి

మాల్టా దీవి పొడవు 27 కిలోమీటర్లే. ఇంత చిన్న దీవిలో ఎక్కడుంటే ఏముందిలే అనుకుని, చవగ్గా దొరికిన చోట రూమ్ బుక్ చేస్తుంటారు. తేడా అక్కడే వస్తుంది. రోడ్లు ఇరుకు, కార్లు ఎక్కువ. రాజధాని వలెట్టా నుంచి ఉత్తరాన, పక్క దీవి గోజోకు వెళ్లే ఫెర్రీ ఆగే చిర్‌కెవ్వా రేవుకు బస్సులో గంట దాటుతుంది. మూడు నాలుగు రోజుల కోసం వెళ్లి, అందులో సగం బస్టాపుల్లో గడిపితే ఏం లాభం?

మేం జర్మనీ నుంచి అమ్మానాన్నలతో వెళ్లాం. మాల్టా 2007 నుంచి షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల గుంపులో ఉంది కాబట్టి, మా దగ్గరికి వచ్చిన వీసా మీదే వాళ్లూ వచ్చేశారు. బ్రిటన్‌లో ఉండే మనవాళ్లకు మాత్రం అక్కడి వీసా చాలదు, షెంగెన్ వీసా విడిగా తీసుకోవాలి. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు, దుబాయ్ లాంటి చోట విమానం మారి వెళ్లాలి. 1964 దాకా బ్రిటిష్ పాలనలో ఉండటంతో ఇంగ్లీషు అందరికీ వచ్చు, బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. ప్లగ్గులు కూడా బ్రిటన్‌వే, అడాప్టర్ పెట్టుకోండి.

బస విషయానికొస్తే, మొదటిసారికి నా ఓటు వలెట్టాకే. బస్సులు దాదాపు అన్ని వైపులకూ ఇక్కడి నుంచే బయల్దేరతాయి. పగలు క్రూయిజ్ ఓడల జనంతో కిక్కిరిసే వీధులు సాయంత్రానికి ఖాళీ అవుతాయి. పాత ఇళ్లకు రంగురంగుల చెక్క బాల్కనీలు, వీధి చివర సముద్రం. అలా ఊరికే తిరుగుతుంటే టైమే తెలియదు. ఇబ్బందల్లా మెట్లు. మేం తీసుకున్న అపార్ట్‌మెంట్ ప్రకటనలో లిఫ్ట్ ఉందని రాశారు. నిజమే, ఉంది. కాకపోతే వీధి గుమ్మం నుంచి ఒక వరస మెట్లెక్కాక గానీ అది మొదలవదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఫోన్ చేసి అడిగితే ఓనరు "పాత బిల్డింగులన్నీ ఇంతే" అన్నాడు. పెద్దవాళ్లతో వెళ్తుంటే లిఫ్ట్ ఏ అంతస్తు నుంచి మొదలవుతుందో కూడా మెసేజ్ పెట్టి అడగండి.

స్లీమా అయితే పెద్ద హోటళ్లు, సరైన లిఫ్టులు, షాపులు, ఇండియన్ రెస్టారెంట్లు అన్నీ ఉన్నాయి. వలెట్టాకు ఫెర్రీలో ఇట్టే వచ్చేయొచ్చు. కానీ ఎటు చూసినా బిల్డింగులు కట్టే క్రేన్లే. పక్కనే సెయింట్ జూలియన్స్‌లో పాచ్‌విల్ వైపు రాత్రంతా క్లబ్బుల మోత. కుర్రాళ్లకు సరదాగా ఉంటుందేమో గానీ ఫ్యామిలీతో వద్దు. పిల్లలకు ఇసుక బీచ్ కావాలంటే మెల్లీహా మంచిదే, కాకపోతే మిగతావన్నీ దూరమైపోతాయి. వలెట్టాకు ఎదురుగా రేవు అవతల బిర్గూ ఉంది, నాకు బాగా నచ్చింది. 1565లో టర్కీ ఒట్టోమన్ సేనలు ముట్టడించినప్పుడు, అప్పట్లో మాల్టాను ఏలుతున్న క్రైస్తవ యోధులు, అంటే నైట్లు, ఉన్నది అక్కడే. ఆ ముట్టడి తట్టుకుని నిలబడ్డాకే, 1566లో వలెట్టా కట్టడం మొదలుపెట్టారు.

చూడాల్సిన వాటిలో సెయింట్ జాన్స్ కో-కెథెడ్రల్‌కు ఒక పూట పూర్తిగా ఇవ్వండి. బయటి నుంచి కోటగోడలా బోసిగా ఉంటుంది. లోపల అడుగు పెడితే గోడలంతా బంగారు పూత, నేలంతా నైట్ల పాలరాతి సమాధి ఫలకాలు. మొనదేలిన హీల్స్ వేసుకుంటే లోపలికి రానివ్వరు. ఇక్కడున్న ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో చిత్రంలో సెయింట్ జాన్ తల నరుకుతుంటారు. కరవాజ్జో సంతకం చేసిన ఒకే ఒక్క చిత్రం ఇది. ఆ సంతకం కూడా మెడ నుంచి కారిన నెత్తుట్లో ఉంటుంది. అది వేసిన 1608లోనే ఆయన ఒక గొడవలో జైలుపాలై, తప్పించుకుని పారిపోయాడు, నైట్లు ఆయన్ని వెలివేశారు. నాన్నకు చిత్రకళ మీద ఆసక్తి తక్కువ, ఈ కథ విన్నాక మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు. ఆదివారం టూరిస్టులకు మూసేస్తారు, ప్లాన్‌లో చూసుకోండి.

హైపోజియం గురించి ముందే చెప్పాలి. రాతిని తొలిచి భూమిలోపల మూడు అంతస్తులుగా చేసిన శ్మశానవాటిక, ఐదువేల ఏళ్ల పైబడినది. 1902లో ఇళ్లకు నీటితొట్టెలు తవ్వుతుంటే బయటపడింది. మనుషుల ఊపిరికి, వేడికి గోడల మీది ఎర్ర రంగు పాడవుతుందని గంటకు పదిమందినే పంపుతారు. సీజన్‌లో టికెట్లు వారాల ముందే అయిపోతాయి, ఆరేళ్లలోపు పిల్లలను అనుమతించరు. అందుకే ముందు ఈ టికెట్ దొరికే తేదీ చూసుకుని, తర్వాత ఫ్లైట్ బుక్ చేయండి. దొరక్కపోతే హజార్ ఈమ్, ఇమ్‌నైద్రా అనే రాతియుగపు గుళ్లకు వెళ్లండి. సముద్రపు కొండవాలు మీద ఉంటాయి. పగలూరాత్రీ సమానమయ్యే రోజుల్లో ఇమ్‌నైద్రా గుమ్మంలోంచి ఉదయపు ఎండ తిన్నగా లోపలికి పడుతుంది.

పాత రాజధాని ఇమ్‌దీనాకు ఒక సాయంత్రం చాలు. మాల్టాకు, గోజోకు మధ్యలో ఉన్న చిన్న దీవి కొమీనోలోని బ్లూ లగూన్‌ను వేసవిలో వదిలేయమంటాను. నీళ్లు అద్భుతమే, జనం మాత్రం జాతరే. ఇప్పుడు ముందే స్లాట్ కూడా బుక్ చేసుకోవాలి. ఆ రోజేదో గోజోకు ఇవ్వండి. అక్కడి అజూర్ విండో అనే సముద్రపు రాతి కమాను 2017 మార్చిలో తుఫాను గాలికి కూలిపోయింది, పాత ఫొటోలు చూసి దాని కోసం వెళ్లకండి. జిగాంతీయ గుళ్లు, విక్టోరియా కోట చాలు రోజు నిండటానికి.

తిండికి శాకాహారులు భయపడక్కర్లేదు. రికొట్టా చీజ్‌తోనో బఠాణీతోనో చేసే పస్తీత్సీలు వీధికొకచోట వేడివేడిగా, చవగ్గా దొరుకుతాయి. పిండిలో జంతు కొవ్వు వాడారేమో ఒక మాట అడగండి. కిన్నీ అనే చేదు కూల్‌డ్రింక్ నాకైతే నచ్చలేదు, అమ్మ రెండోది అడిగింది. బస్సుల్లో కార్డు టచ్ చేస్తే సరిపోతుంది. మేం ఎక్కిన బస్సు డ్రైవర్ మలయాళీ, మా మాటలు విని తనే పలకరించాడు.

గోజోకు వెళ్లేటప్పుడు చిర్‌కెవ్వా ఫెర్రీకి టికెట్ అడగరు, తిరిగొచ్చేటప్పుడే తీసుకుంటారు. వలెట్టా నుంచి ఫాస్ట్ ఫెర్రీ ఉంది, ముప్పావు గంట ప్రయాణం, పెద్దవాళ్లకు అదే సుఖం. గాలి ఎక్కువైతే ఆపేస్తారు, కాబట్టి గోజోను ఆఖరి రోజు పెట్టుకోకండి.