పానగల్లు రాజా అడుగుజాడల్లో టి. నగర్ నడక: ఒక సమీక్ష

చెన్నైలోని తెలుగువారి కోసం ఒక చిన్న బృందం ఆదివారం ఉదయం నడిపే ఈ నడక, పానగల్ పార్కులోని విగ్రహం దగ్గర మొదలై, మద్రాసు రాష్ట్రానికి 1921 జూలై నుంచి 1926 డిసెంబరు వరకు ప్రథమ మంత్రిగా ఉన్న పానగల్లు రాజా పానగంటి రామరాయణింగారి జీవితాన్ని పరిచయం చేస్తుంది. 1866లో కాళహస్తిలో పుట్టి, మద్రాసులో చదువుకొని, బ్రాహ్మణేతరుల ప్రాతినిధ్యం కోసం పుట్టిన జస్టిస్ పార్టీకి నాయకుడిగా ఎదిగిన ఆ జమీందారు పేరు, పట్టుచీరల కోసం ఈ వీధుల్లో తిరిగే మనలో ఎందరికి తెలుసు?

నడకలో విలువైన భాగం శాసనసభ ఘట్టమే. 1923లో కట్టమంచి రామలింగారెడ్డి ముందు నిలిచి నడిపిన అవిశ్వాస తీర్మానాన్ని రాజా ఎలా తట్టుకున్నారో, ఆలయాల ఆదాయవ్యయాలపై ప్రభుత్వ పర్యవేక్షణకు దారితీసిన దేవాదాయ చట్టానికి ఎంత వ్యతిరేకత వచ్చిందో వ్యాఖ్యాత ఓపికగా, పక్షపాతం లేకుండా వివరించారు. ఉద్యోగాల్లో సామాజిక వర్గాల ప్రాతినిధ్యానికి 1921లో వెలువడిన ఉత్తర్వును మాత్రం రెండు మాటల్లో ముగించడం నాకు నచ్చలేదు. ఆ పాలనను నేటికీ గుర్తుచేసేది అదే కదా. 1926 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం ప్రస్తావన కూడా క్లుప్తమే.

రద్దీ పెరిగాక వ్యాఖ్యాత గొంతు వినబడదు, కాబట్టి ముందు వరుసలో నడవడం మేలు. రుసుము సమంజసమే, పెద్దవారికి కూర్చునే ఏర్పాటు ఉంటే బాగుండేది.