మందారకు పిండినల్లి పడితే: వేపనూనె మేలా, ఇమిడాక్లోప్రిడ్ మేలా?

విజయనగరంలో మా ప్రహరీ వెంట మందార, నందివర్ధనం, క్రోటన్లు ఉన్నాయి. ఎండలు ముదిరేసరికి మందార చిగుళ్లకు తెల్లగా పిండినల్లి (రసం పీల్చే చిన్న పురుగు) పట్టేస్తుంది. వేపనూనె కొట్టాలా, ఇమిడాక్లోప్రిడ్ అనే రసాయన పురుగుమందు కొట్టాలా అన్నదే ఏటా టెన్షన్.

ఖర్చు: ఇంటి మొక్కలకు రెండూ చవకే.

శ్రమ: వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ., కాస్త సబ్బునీళ్లు కలిపి, ఆకుల అడుగు కూడా తడిసేలా సాయంత్రం కొట్టాలి. వారం పది రోజులకోసారి, మూడు నాలుగు సార్లు. వాన పడితే మళ్లీ మొదటికే. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ (నీళ్లలో కలిసే 17.8 శాతం ద్రావణం) అయితే లీటరుకు 0.3 మి.లీ. చాలు. మొక్క రసంలోకి వెళ్లి పనిచేస్తుంది కాబట్టి త్వరగా తేడా కనిపిస్తుంది.

రిస్క్: నేను వెనకాడేది ఇక్కడే. ఆ మందు పువ్వులోని తేనెలోకీ చేరుతుంది, తేనెటీగలకు విషం. యూరోపియన్ యూనియన్ 2018లో ఆరుబయట దాని వాడకాన్ని నిషేధించింది. పైగా మందారాలు మనం పూజకూ, తలనూనెకూ కోసుకుంటాం. వేపనూనెతో అంత భయం లేదు, మిట్టమధ్యాహ్నం కొడితే మాత్రం ఆకు మాడుతుంది.

ఏది కొట్టినా ముందు చీమల బారు ఆపండి. పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం దాన్ని కాపాడుతూ, కొమ్మ నుంచి కొమ్మకు చేరవేసేవి అవే.

కళింగపట్నం వైపు ఉప్పుగాలికి ఆకు అంచులు మాడితే రెండూ వద్దు. మంచినీళ్లతో ఆకులు కడగండి.

నాలుగైదు చిగుళ్లకే పట్టినా, పూలు కోసుకునే మొక్కయినా వేపనూనె. కొమ్మలు కత్తిరించినా ఆగకుండా క్రోటన్ అంతా తెల్లబడితే, పూత లేనప్పుడు చూసి, గ్లవ్స్, మాస్క్ వేసుకుని ఇమిడాక్లోప్రిడ్.