ఆరేళ్లుగా వంటింట్లో కాటా: మా స్టీలు గ్లాసు కథ

నేను వంట నేర్చుకున్నది అమ్మ ఫోనులో చెప్పిన కొలతలతో. ఆమె లెక్కంతా సోలల్లో, గిద్దల్లో. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ అని నాకూ తెలుసు కానీ మా ఇంట్లో సోలే లేదు. యూట్యూబు వంటలేమో గ్రాముల్లో చెబుతాయి. విసిగిపోయి 5 కిలోల వరకు తూచే డిజిటల్ కాటా ఒకటి కొన్నాను.

తూకంలో దానికి వంక పెట్టలేను. అప్పుడప్పుడు అరలీటరు పాల ప్యాకెట్టు పెట్టి చూస్తాను. పాలు నీళ్లకంటే కాస్త బరువు కాబట్టి 515 గ్రాములు దాటాలి. ఇప్పటికీ దాటుతోంది. నాకు కోపమల్లా దాని మీదున్న మిల్లీలీటర్ల మీట మీదే. కుక్కరుతో వచ్చిన 180 మి.లీ. కప్పు ఒకసారి ఎక్కడో పోయింది. ఆ వారం కాటా 180 మి.లీ. చూపేదాకా బియ్యం పోసి, దాన్ని ఒక కప్పుగా లెక్కపెట్టి, కుక్కరు గిన్నెలో గీత వరకు నీళ్లు పోశాను. రెండు రోజులు పలుకన్నం తిన్నాం. ఏం పోసినా నీళ్లే అనుకుంటుంది ఆ మీట! నిజానికి ఆ కప్పులో పట్టే బియ్యం సుమారు 150 గ్రాములే. అంటే ప్రతి కప్పుకూ 30 గ్రాములు ఎక్కువ పోశానన్నమాట.

ఆ తర్వాత ఒక ఆదివారం కూర్చుని, 250 మి.లీ. నీళ్లు పట్టే మా స్టీలు గ్లాసుతో డబ్బాలన్నీ తూచాను. బియ్యం 210 గ్రాములు, మినపగుళ్లు దాదాపు అంతే, ఇడ్లీ రవ్వ 180. అప్పుడు తెగింది నా పాత చిక్కు. పప్పు ఒకటికి రవ్వ రెండు అంటారు కదా, నేను కిలో రవ్వకు అరకిలో పప్పు కొనేదాన్ని. ప్రతిసారీ పప్పు ముందే అయిపోయి, 140 గ్రాముల రవ్వ డబ్బా అడుగున మిగిలేది. ఒకటికి రెండన్నది గ్లాసుల లెక్క. తూకంలో కిలో రవ్వకు పప్పు 580 గ్రాములకు పైనే కావాలి.

గోధుమపిండి మాత్రం గ్లాసుకు లొంగదు. జల్లించి వదులుగా పోస్తే 120, గ్లాసును గట్టుకేసి తట్టి నింపితే 150. కాబట్టి కేకుకు పిండి తూచే వేస్తాను. చపాతీకి చెయ్యే కాటా.

రెండు నిమిషాలు ముట్టుకోకపోతే ఆరిపోవడం దీని ఇంకో జబ్బు. గిన్నె బరువు తీసేసి సున్నా చేసుకుని, డబ్బా మూత తిప్పుతుండగానే లెక్క పోతుంది. కొంచెం కొంచెంగా రాల్చిన మెంతులు, ఆవాలు దాని కంటికి ఆనవు. వాటికి చెంచానే నయం.

ఇప్పుడు రోజూ కాటా తీయను. ఆ ఆదివారం రాసుకున్న కాగితం అలమారా తలుపు లోపల అంటించి ఉంది, గ్లాసుతోనే పని జరిగిపోతోంది. మొన్న సంక్రాంతికి అమ్మ తన ఇత్తడి సోల తెచ్చింది. అంచుకు సమంగా వేలితో గీసి బియ్యం తూచబోతుంటే ఆపి, "సోలంటే అలా కాదమ్మా" అంటూ మీద కుప్ప నిలిచేలా పోసింది. ఆ కుప్పే 35 గ్రాములు. కాగితంలో అమ్మ వంటల లెక్కలన్నీ కొట్టేసి మళ్లీ రాసుకున్నాను.