రీఫ్ ట్యాంకుకు ఏ దీపం మేలు: మెటల్ హాలైడా, టీ5 ట్యూబులా, ఎల్ఈడీనా?

ఉప్పునీటి అక్వేరియం ట్యాంకులో చేపలు మాత్రమే ఉన్నంత కాలం పైన ఏ దీపం వెలిగినా పెద్ద తేడా ఉండదు. అందులోకి పగడాలు వచ్చి అది రీఫ్ ట్యాంకు అయిన రోజు నుంచి మాత్రం దీపం వాటి ఆహారంలో భాగమవుతుంది. పగడపు కణజాలంలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు నివసిస్తాయి. అవి కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారుచేసే పోషకాలలో చాలా భాగం తమకు చోటిచ్చిన పగడానికే అందుతుంది. ట్యూబాస్ట్రియా వంటి కొన్ని పగడాలకు ఈ శైవలాలు ఉండవు కనుక వాటికి వెలుతురుతో పని లేదు, మేత వేస్తే చాలు. మిగిలినవన్నీ వెలుతురు మీదే బతుకుతాయి. అందువల్ల ఏది మేలు అన్న ప్రశ్నకు జవాబు పెట్టె మీద రాసిన వాట్లలో దొరకదు. పగడం కూర్చున్న చోటికి, దాని పక్కలకు, కొమ్మల అడుగుభాగానికి ఎంత కాంతి చేరుతోంది అన్నదానిలో దొరుకుతుంది. మూడు రకాల దీపాలనూ ఈ ఒక్క కొలతతోనే తూచాలని నా అభిప్రాయం.

ఆ కాంతిని కొలిచే ప్రమాణం పార్. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతి ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోల్‌ల ఫోటాన్లుగా పడుతున్నదో అది చెబుతుంది. ఉష్ణమండలంలో మిట్టమధ్యాహ్నం సముద్రపు ఉపరితలం మీద ఈ సంఖ్య సుమారు 2,000 వరకు ఉంటుంది. ట్యాంకులో అంత అవసరం లేదు. మష్రూమ్‌లు, జోవాంథిడ్‌లు, లెదర్ పగడాల వంటి మెత్తటి రకాలకు 50 నుంచి 150 వరకు చాలు. యూఫిలియా వంటి పెద్ద పాలిప్‌ల (పగడంలో నోరు, స్పర్శకాలు గల చిన్న జీవుల) రాతి పగడాలు 75 నుంచి 200 మధ్య బాగా పెరుగుతాయి. అక్రొపొరా, మోంటిపొరా వంటి చిన్న పాలిప్‌ల రకాలను పెంచేవారు సాధారణంగా 200 నుంచి 400 వరకు ఇస్తారు. ఏ పగడాలను పెంచదలచుకున్నారో తేలకముందే దీపం ఎంచుకోవడం వల్ల డబ్బు వృథా కావడం ఒక నష్టమైతే, బలమైన దీపం కింద నీడను ఇష్టపడే పగడాలు కాలిపోవడం అంతకు మించిన నష్టం.

పార్ మీటరు ఖరీదైన పరికరమే అయినా దానికి లక్స్ మీటరు ప్రత్యామ్నాయం కాదు. లక్స్ అన్నది మనిషి కన్నుకు ఎంత వెలుతురు కనిపిస్తుందో చెప్పే కొలత. మన కన్ను 555 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతికి అత్యంత సున్నితంగా స్పందిస్తుంది. 450 నానోమీటర్ల నీలికాంతి పట్ల దాని సున్నితత్వం అందులో సుమారు 4 శాతమే. పగడాల శైవలాలు ఎక్కువగా వాడుకునేది సరిగ్గా ఆ నీలికాంతినే. నీళ్లు ఎరుపును త్వరగా పీల్చేసి నీలాన్ని లోతుకు పంపుతాయి కనుక ఆ జీవులు దానికి అలవాటు పడ్డాయి. ఈ తేడా తెలియని యజమాని నీలి ఎల్ఈడీ కింద ట్యాంకు మసకగా ఉందనుకుని తీవ్రతను పెంచుతూ పోతాడు. కంటికి ఆనేటంత వెలుతురు వచ్చేసరికి పగడాలు శైవలాలను వదులుకుని తెల్లబడి ఉంటాయి. మీటరు కొనలేనివారు అద్దెకో, తోటి అభిరుచిపరుల దగ్గర ఒక పూటకో తీసుకుని కొలవడం అన్ని విధాలా ఉత్తమం. పాతకాలపు సెన్సర్లు కొన్ని నీలికాంతిని తక్కువగా చూపిస్తాయి కనుక పూర్తి వర్ణపటాన్ని కొలిచే రకాన్నే వాడాలి.

చాలా ఏళ్ల పాటు రీఫ్ ట్యాంకు అంటే మెటల్ హాలైడ్ దీపమే. 150, 250, 400 వాట్లలో, 10,000 నుంచి 20,000 కెల్విన్ల దాకా రంగులలో (సంఖ్య పెరిగిన కొద్దీ కాంతి నీలంగా ఉంటుంది) ఈ బల్బులు వచ్చేవి. బల్బు లోపలి ఒక చిన్న ఆర్క్ (విద్యుత్ మెరుపు) నుంచి కాంతి అంతా వెలువడుతుంది కనుక నీటి కదలికకు ట్యాంకు అడుగున వెలుగు అలలు ఆడుతాయి. ఆ దృశ్యం నిజమైన సముద్రంలో కనిపించేదానికి దగ్గరగా ఉంటుందనడంలో సందేహం లేదు. లోతైన ట్యాంకులో, అంటే 75 సెంటీమీటర్లకు పైబడిన నీటిలో, అడుగు వరకు బలంగా చొచ్చుకుపోగలగడం కూడా దాని ఘనతే. వెడల్పాటి రిఫ్లెక్టరు వల్ల కాంతి అనేక కోణాల నుంచి వచ్చి కొమ్మల పక్కలను కూడా తడుముతుంది.

అయితే ఆ బల్బు వేడిని కూడా అంతే ధారాళంగా ఇస్తుంది. నీళ్లు వేడెక్కుతాయి, ఆవిరి పెరుగుతుంది, చాలా చోట్ల నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం తప్పనిసరి అవుతుంది; చిల్లర్ వాడే విద్యుత్తును కూడా దీపం ఖాతాలోనే రాయాలి. రెండు కొసలు ఉన్న బల్బులకు బయటి గాజు గొట్టం ఉండదు కనుక అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం లేకుండా వాటిని వెలిగించకూడదు. కరెంటు పోయి వస్తే వేడి బల్బు వెంటనే వెలగదు, చల్లబడేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి. తొమ్మిది నెలల నుంచి ఏడాది లోపు వర్ణపటం మారిపోతుంది కనుక, చూడటానికి బాగానే వెలుగుతున్నా బల్బు మార్చాలి. ఇన్ని భారాలు మోయగల కారణం ఒక్కటే ఉంటుంది: చాలా లోతైన ట్యాంకు, దానిలో నిండుగా పెరిగిన అక్రొపొరాలు. అది లేనివారు ఈరోజు కొత్తగా మెటల్ హాలైడ్ కొనడం నాకు సమంజసంగా అనిపించదు.

టీ5 అనే ఫ్లోరసెంట్ ట్యూబుల బలం వేరు. 16 మిల్లీమీటర్ల సన్నటి ట్యూబు ట్యాంకు పొడవునా పరుచుకుంటుంది. 54 వాట్ల అధిక తీవ్రత ట్యూబు పొడవు సుమారు 115 సెంటీమీటర్లు. ఆరేడు ట్యూబులు పక్కపక్కన వెలిగితే ట్యాంకు పైకప్పు మొత్తం ఒకే వెలుగుపలకగా మారుతుంది. పగడం ఏ వైపు చూసినా వెలుతురే. నేను ముందు చెప్పిన కొలత ప్రకారం ఇంత సమానంగా కాంతిని పంచే దీపం మరొకటి లేదు; గుబురుగా ఎదిగిన అక్రొపొరా కొమ్మల అడుగున కూడా రంగు నిలవడం టీ5 ట్యాంకులలో తరచుగా కనిపిస్తుంది. ఒక నియమం మాత్రం తప్పకూడదు. ప్రతి ట్యూబుకూ వంపు తిరిగిన సొంత రిఫ్లెక్టరు ఉండాలి, దాని మీద పేరుకునే ఉప్పును వారం వారం తుడవాలి. లేకపోతే ట్యూబు వెనక భాగం నుంచి వెలువడే కాంతి చాలా వరకు వృథా అవుతుంది. టీ5 ట్యూబు చుట్టూ గాలి సుమారు 35 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు గరిష్ఠంగా వెలుగుతుంది. మూసిన పెట్టెలో ఉడికినా, ఫ్యాను గాలి నేరుగా తగిలి మరీ చల్లబడినా వెలుతురు తగ్గుతుంది.

దీని లోపాలు కూడా తేలికపాటివి కావు. నీటిలో అలల వెలుగు ఉండదు. తీవ్రతను తగ్గించే వీలు చాలా బ్యాలస్ట్‌లలో (ట్యూబుకు విద్యుత్తును అదుపు చేసి ఇచ్చే పరికరాలలో) లేదు. ఏటా అన్ని ట్యూబులనూ మార్చాలి, అందులోనూ ఒకేసారి మారిస్తే పగడాలకు దెబ్బ కనుక కొన్ని వారాల తేడాతో ఒక్కొక్కటిగా మార్చాలి. ట్యూబులో పాదరసం ఉంటుంది కనుక పాతవాటిని చెత్తలో పడేయకూడదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు రాబోయే కాలానిది. ఐరోపా సమాఖ్యలో 2023 ఆగస్టు నుంచి సాధారణ వెలుతురు కోసం వాడే టీ5 ట్యూబులను కొత్తగా మార్కెట్లోకి తేవడం ఆగిపోయింది. అక్వేరియం ట్యూబులు ప్రత్యేక రకమే అయినా, మొత్తం పరిశ్రమ కుదించుకుపోతున్నప్పుడు వాటి లభ్యత మెరుగుపడుతుందని ఆశించలేము.

ఇక ఎల్ఈడీ. 1990ల ఆరంభంలో ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీ సాధ్యమైన తరువాతే ఈ దారి తెరుచుకుంది. ఆ కృషికి అకసాకి, అమానో, నకమురా 2014లో భౌతికశాస్త్ర నోబెల్ పొందారు. రీఫ్ ట్యాంకుకు వెన్నెముక అయిన 450 నానోమీటర్ల రాయల్ బ్లూ (ముదురు నీలి) ఎల్ఈడీ చిప్పు ఆ పరంపరలోదే. మేలు రకం నీలి చిప్పులు తీసుకున్న విద్యుత్తులో సగానికి పైగా కాంతిగా మార్చగలవు, నీటి మీదికి వేడిని ప్రసరింపజేయవు. రంగులను విడివిడిగా పెంచి తగ్గించవచ్చు, ఉదయం సాయంత్రం క్రమంగా వెలిగించి ఆర్పవచ్చు. 400 నుంచి 450 నానోమీటర్ల మధ్య కాంతి పడినప్పుడు పగడాలలోని ఫ్లోరసెంట్ ప్రోటీన్లు ఆకుపచ్చగా, నారింజగా మెరవడం చాలామందిని ఈ దీపం వైపు తిప్పింది. చిప్పు ఆయుష్షు 50,000 గంటలని చెప్పడం పరిపాటి. రోజుకు 10 గంటల లెక్కన అది 13 ఏళ్లు దాటుతుంది. ఆ సంఖ్య తీవ్రత 70 శాతానికి తగ్గే వరకు పట్టే కాలాన్ని సూచిస్తుందని, ఫ్యాను, చిప్పులకు విద్యుత్తును అదుపు చేసి ఇచ్చే డ్రైవరు అంతకన్నా చాలా ముందే చెడిపోవచ్చని గుర్తుంచుకోవాలి.

మరి కొమ్మల అడుగు సంగతి? ఎల్ఈడీ అసలు బలహీనత అక్కడే ఉంది. ఒక మీటరు పొడవైన ట్యాంకు మధ్యలో అరచేయంత దీపాన్ని వేలాడదీసి కింద కొలిస్తే సరిగ్గా మధ్యలో 500, రెండు మూలల్లో 60 చూపడం అరుదు కాదు. లెన్సు కాంతిని ఎంత ఇరుకైన కోణంలో పంపితే తేడా అంత పెరుగుతుంది. ఎదిగిన పగడం పైభాగం తెల్లబడి, అదే పగడపు అడుగుభాగం నీడలో చచ్చిపోవడం ఈ అమరికలోనే చూస్తాము. వేర్వేరు రంగుల చిప్పులు దూరదూరంగా ఉంటే ఇసుక మీద నీలం, ఎరుపు నీడలు విడివిడిగా కదులుతాయి. దీనికి విరుగుడు మరింత బలమైన దీపం కాదు. అదే మొత్తం వాట్లను రెండు మూడు చిన్న దీపాలుగా విడదీసి, కొంచెం ఎత్తుకు లేపి, ట్యాంకు నిడివిలో సమంగా పంచడం.

ఈ కారణాల వల్ల నా తీర్పు ట్యాంకును బట్టి మారుతుంది. 45 సెంటీమీటర్ల లోపు లోతు ఉండి మెత్తటి పగడాలు, పెద్ద పాలిప్‌ల రకాలు పెంచేవారు సంకోచం లేకుండా ఎల్ఈడీ తీసుకోవచ్చు. మిగతా రెండింటి గురించి ఆలోచించాల్సిన అవసరమే లేదు. అక్రొపొరాలే ప్రధానమైతే రెండు లేక నాలుగు టీ5 ట్యూబుల మధ్య ఎల్ఈడీలను అమర్చిన మిశ్రమ దీపం నాకు అన్నిటికన్నా నమ్మకంగా తోస్తుంది. నీడలను ట్యూబులు తొలగిస్తాయి, తీవ్రతను, రంగును, అలల వెలుగును ఎల్ఈడీ ఇస్తుంది. ట్యూబులు దొరకని చోట వాటి స్థానంలో పొడవాటి ఎల్ఈడీ పట్టీలు దాదాపు అదే పని చేస్తాయి.

రెడీమేడ్ దీపం కొనాలా, సొంతంగా తయారుచేసుకోవాలా అన్నది వేరే తూకం. మార్కెట్లో మంచి రీఫ్ దీపాలు తక్కువగా ఉన్న రోజుల్లో సొంత తయారీ వల్ల పొదుపు స్పష్టంగా ఉండేది. ఇప్పుడు హీట్‌సింక్ (చిప్పుల వేడిని లాగే లోహపు దిమ్మ), డ్రైవర్లు, కంట్రోలర్, అన్ని రంగుల చిప్పులు విడిగా కొంటే ఆ తేడా చాలా వరకు కరిగిపోతుంది. మామూలు దీర్ఘచతురస్రపు ట్యాంకు ఉన్నవారికి కొనడమే మేలు. మూలకు అమర్చిన ట్యాంకు, మరీ పొడవైన ట్యాంకు, లేదా ఇప్పటికే ఉన్న దీపం వదిలేసిన నీడలు ఉన్నవారికి మాత్రం సొంత తయారీ నిజంగా అక్కరకొస్తుంది. మొదటిసారి చేసేవారు పూర్తి దీపానికి పూనుకోకుండా ట్యాంకు ముందు అంచున వేలాడే ఒక నీలి పట్టీతో మొదలుపెట్టాలని నేను గట్టిగా చెబుతాను.

అలాంటి పట్టీ లెక్క ఇలా ఉంటుంది. రాయల్ బ్లూ చిప్పు ఒక్కొక్కటి 700 మిల్లీ ఆంపియర్ల వద్ద సుమారు 3.2 వోల్టులు తీసుకుంటుందనుకుందాం. 12 చిప్పులను వరుసగా, అంటే సిరీస్‌లో కలిపితే మొత్తం 38.4 వోల్టులు, సుమారు 27 వాట్లు. కనుక 24 నుంచి 48 వోల్టుల పరిధిలో పనిచేస్తూ విద్యుత్ ప్రవాహాన్ని 700 మిల్లీ ఆంపియర్ల వద్ద స్థిరంగా ఉంచే డ్రైవరు దీనికి సరిపోతుంది. వోల్టేజీని మాత్రమే స్థిరంగా ఉంచే మామూలు అడాప్టరు పనికిరాదు, ఎందుకంటే చిప్పు వేడెక్కిన కొద్దీ దాని వోల్టేజీ పడిపోయి విద్యుత్తు అదుపు తప్పుతుంది. ఒకే డ్రైవరుకు రెండు వరుసలను సమాంతరంగా కలపడం ఇంకో ప్రమాదం: ఒక వరుసలో ఒక్క చిప్పు తెగినా విద్యుత్తు అంతా రెండో వరుస మీద పడి దాన్నీ కాల్చేస్తుంది. ఊదారంగు చిప్పుల వోల్టేజీ తరచుగా ఎక్కువ కనుక, వాటి తీవ్రతను విడిగా సరిచేయాల్సి ఉంటుంది కనుక, వాటికి వేరే డ్రైవరు ఇవ్వడం మంచిది. డ్రైవరు వెలుగుతుండగా చిప్పుల తీగలను తగిలించకూడదు. ఆ క్షణంలో వచ్చే విద్యుత్తు పోటుకు చిప్పులు పోతాయి.

చిప్పు కింద రాసే థర్మల్ పేస్ట్ పల్చటి పొరగానే ఉండాలి, హీట్‌సింక్ మీద వేలు పెట్టి కాసేపు ఉంచగలిగేంత వేడే ఉండాలి. 45 సెంటీమీటర్ల లోతుకు లెన్సులు అక్కర్లేదు. ఉప్పునీటి తుంపరలు ఎక్కడికైనా చేరతాయి కనుక చిప్పుల కింద పారదర్శక యాక్రిలిక్ పలక తప్పనిసరి, డ్రైవర్లు ట్యాంకుకు దూరంగా, నీళ్లు పడని ఎత్తులో ఉండాలి. లోహపు భాగాలన్నింటికీ ఎర్తింగ్, సర్క్యూట్‌కు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు, ప్లగ్గు కన్నా కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా తీగ అమరిక, దీపాన్ని మోయడానికి కనీసం రెండు ఉక్కు తీగలు ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి చేతకాదనిపించినా ఎలక్ట్రీషియన్ సాయం తీసుకోవాలి. వెలుగుతున్న నీలి చిప్పుల వైపు నేరుగా చూడకూడదు.

ఏ దీపం తెచ్చినా, మొదటి రోజే పూర్తి తీవ్రతతో వెలిగించవద్దు. పాత దీపం కింద పగడాల దగ్గర పార్ ఎంత ఉండేదో ముందే రాసి పెట్టుకుని, కొత్త దాన్ని అదే సంఖ్యకు తగ్గించి, రోజుకు 8 నుంచి 10 గంటలు వెలిగిస్తూ, వారానికి 5 నుంచి 10 శాతం చొప్పున పెంచుకుంటూ పోవాలి. పగడం అంచులు పాలిపోతే పెంచడం ఆపి ఒక మెట్టు వెనక్కి తగ్గాలి. గోధుమరంగుకు తిరిగి పాలిప్‌లు చాలా పొడవుగా సాగితే మరికొంచెం కాంతి ఇవ్వవచ్చు. అయితే నీటిలో నైట్రేటు, ఫాస్ఫేటు పెరిగినా అదే గోధుమరంగు వస్తుంది కనుక దీపం ముట్టుకునే ముందు వాటిని పరీక్షించి చూడాలి.