గ్రాండ్ నేషనల్‌కి ఈచ్ వే వేసేవాళ్లు జాగ్రత్త: బ్యానర్ మీద ఆరు ప్లేసులు, స్లిప్‌లో నాలుగే

యూకేలో ఉండి ఏటా ఏప్రిల్‌లో జరిగే గ్రాండ్ నేషనల్ గుర్రాల రేసుకి పందెం వేసే తెలుగువాళ్లందరికీ ఈ పోస్టు. కోపం ఇంకా చల్లారలేదు, మాటలు గట్టిగానే ఉంటాయి. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయను. పేరుతో పని లేదు కూడా, ఎందుకంటే ఇదే పద్ధతిలో ఏ బెట్టింగ్ యాప్‌లోనైనా డబ్బు పోవచ్చు.

యాప్ తెరవగానే రేసు పేజీ నెత్తిన పెద్ద బ్యానర్: ‘ఈచ్ వే, మొదటి ఆరు ప్లేసులకు చెల్లింపు’. ఈచ్ వే అంటే ఒకే గుర్రం మీద రెండు పందేలు: ఒకటి అది గెలుస్తుందని, రెండోది మొదటి కొన్ని స్థానాల్లో, అంటే ప్లేసుల్లో, వస్తుందని. దాని కిందే గుర్రాల జాబితా. ఎంచుకున్న గుర్రం పక్కన 25/1 అని ఉంది, అంటే గెలిస్తే పౌండుకి 25 పౌండ్ల లాభం. నొక్కితే స్లిప్‌లో (పందెం ఖరారు చేసే పెట్టెలో) పసుపు రంగు పట్టీ వచ్చింది: ‘ధర మారింది, 33/1, ఒప్పుకుంటున్నారా?’ ధర పెరిగితే వద్దనేవాళ్లు ఎవరుంటారు? 10 పౌండ్లు ఈచ్ వే, అంటే గెలుపుకి 10, ప్లేస్‌కి 10, మొత్తం 20 పౌండ్లు. గుర్రం ఐదో స్థానంలో వచ్చింది. ముప్ఫై కంచెలు దాటి, ఆఖరి 494 గజాల పరుగులో రెండు గుర్రాల్ని వెనక్కి నెట్టి మరీ వచ్చింది. యాప్‌లో చూస్తే ‘ఓడిపోయింది’ అని ఉంది.

ఆ పసుపు పట్టీలోనే ఉంది మోసమంతా. ఒకే రేసుకి వాళ్లు రెండు మార్కెట్లు నడుపుతారు. ఒకటి మామూలు మార్కెట్. పదహారు, అంతకు మించి గుర్రాలు పరిగెత్తే హ్యాండిక్యాప్‌లో (సత్తాను బట్టి గుర్రాలకు వేర్వేరు బరువులు పెట్టే రేసు, నేషనల్ కూడా అలాంటిదే) నాలుగు ప్లేసులు, ప్లేస్ పందేనికి ధరలో నాలుగో వంతు. రెండోది అదనపు ప్లేసుల మార్కెట్. ఆరు ప్లేసులు, ధరలో ఐదో వంతు, గుర్రం ధర కూడా కాస్త తక్కువ. బ్యానర్ కింద కనపడిన 25/1 ఈ రెండోదాని ధర. స్లిప్‌లోకి చేరిన 33/1 మొదటిదానిది. అంటే మారింది ధర కాదు, మార్కెట్టే మారింది. ఆ సంగతి పట్టీ మీద ఎక్కడా లేదు. ‘1/4, 4 ప్లేసులు’ అన్న ముక్క గుర్రం పేరు పక్కనున్న చిన్న బాణం గుర్తు నొక్కితే తప్ప కనపడదు. ఆ బాణం బూడిద రంగులో, గోరంత ఉంటుంది.

బ్యానర్ మాట నిలబెట్టి ఉంటే లెక్క ఇదీ: 25/1లో ఐదో వంతు 5/1. 10 పౌండ్లకు 50 లాభం, ప్లేస్ సొమ్ము 10 వెనక్కి, మొత్తం 60 పౌండ్లు చేతికి రావాలి. వచ్చింది సున్నా.

డబ్బు పోవడం ఒక ఎత్తు, చాట్‌లో వాళ్ల ప్రవర్తన ఇంకో ఎత్తు. బ్యానర్ స్క్రీన్‌షాట్ పెట్టి, ‘దీని కిందున్న గుర్రాన్నే నొక్కాం, ఆరు ప్లేసులు ఎందుకు ఇవ్వలేదు?’ అని అడిగితే, ‘మీ పందెం మామూలు మార్కెట్‌లో నమోదైంది’ అని జవాబు. ‘ఆ మార్కెట్‌లోకి పంపింది మీ యాప్ కదా, మార్కెట్ మారుతోందని ఎక్కడ చెప్పారు?’ అంటే, ‘నిబంధనలు చదువుకోవలసిన బాధ్యత కస్టమర్‌దే’ అన్నారు. సరే, పై అధికారికి పంపండి అని టైపు చేస్తూ ఉండగానే, అవతలి మనిషి ‘ఇంకేమైనా సాయం కావాలా?’ అని ఒక్క ముక్క పెట్టి, జవాబు కోసం ఆగకుండా చాట్ మూసేశారు. ఐదోదిగా వచ్చిన గుర్రానికి ఆరు ప్లేసుల బ్యానర్ కింద వేసిన పందెం గురించి అడుగుతుంటే మొహం మీద తలుపు వేసినట్టు వేశారు. ఇరవై పౌండ్లు పోయిన బాధ కంటే అది ఎక్కువ మండుతోంది. తప్పు వాళ్లదని తెలిసే, మాట్లాడకుండా తప్పించుకున్నారు.

ఇది తెలియకపోతే గుర్రాన్ని ఎంత బాగా ఎంచుకున్నా ఫలితం ఉండదు. ఎందుకంటే ఈ రేసులో ఈచ్ వే ఎంపిక మొత్తం ప్లేసుల సంఖ్య మీదే నడుస్తుంది. నాలుగు ప్లేసులకు వేసే గుర్రం వేరు, ఆరు ప్లేసులకు వేసే గుర్రం వేరు. 33/1 గుర్రానికి నాలుగో వంతు అంటే 8.25 రెట్లు. మొదటి నాలుగులో వస్తే 10 పౌండ్లకు 92.50 చేతికొస్తుంది. అదే గుర్రం 25/1కి ఐదో వంతులో 60. అంటే ఆ రెండు అదనపు ప్లేసుల కోసం, గుర్రం నాలుగు లోపు వచ్చినప్పుడల్లా 32.50 వదులుకుంటున్నాం. గెలిచే సత్తా ఉందనిపిస్తే మామూలు మార్కెట్టే మేలు. దూరం తట్టుకుంటుంది, తప్పకుండా దూకుతుంది, కానీ ఆఖర్లో వేగం చాలదు అనిపించే గుర్రానికి ఆరు ప్లేసులు కావాలి. ఐదోదిగా వచ్చిన ఈ గుర్రం అచ్చం అలాంటిదే, ఆ లెక్కతోనే ఎంచుకున్నది. వాళ్లు లాగేసుకున్నది ఆ లెక్కనే.

ఫేవరెట్ల మీద, అంటే గెలుస్తాయని ఎక్కువమంది నమ్మే తక్కువ ధర గుర్రాల మీద, ఈచ్ వే వేసేవాళ్లు కూడా ఒకసారి ఆలోచించండి. 5/1 గుర్రానికి ఐదో వంతు అంటే ఒకటికి ఒకటి. ప్లేస్‌లో వస్తే 20 పెట్టి 20 తెచ్చుకుంటారు. 4/1 అయితే వచ్చేది 18, అంటే గుర్రం రెండోదిగా వచ్చినా రెండు పౌండ్ల నష్టం. నా లెక్కలో ఈ రేసుకి ఈచ్ వే అనేది 16/1 పైనున్న గుర్రాలకే.

ఎంపికలో ఇంకో పాత అలవాటు ఉంది: ‘కిందపడకుండా చుట్టి వస్తే చాలు, ప్లేస్ దొరుకుతుంది’ అని. అది పాత నేషనల్ మాట. 2024 నుంచి గుర్రాల సంఖ్యను 40 నుంచి 34కి తగ్గించారు, మొదటి కంచెను స్టార్ట్‌కి దగ్గరగా జరిపారు. ఆ ఏడాది ఒక్క గుర్రం కూడా పడలేదు. పడేవి తగ్గితే ప్లేసు కోసం పోటీపడేవి పెరుగుతాయి, కాబట్టి నాలుగు మైళ్ల రెండున్నర ఫర్లాంగుల దూరంలో చివరిదాకా ఊపిరి నిలిచే గుర్రమే కావాలి. మూడు మైళ్లు దాటిన రేసుల్లో ఆఖరి రెండు కంచెల దగ్గర ముందుకొచ్చిందా, వెనకబడిందా అన్నది చూడండి. బరువు ఎక్కువుందని గుర్రాన్ని పక్కన పెట్టేయడం కూడా ఇప్పుడు సరికాదు. ఐ యామ్ మాక్సిమస్ 2024లో గెలిచి, 2025లో అందరికంటే ఎక్కువ బరువు, 11 స్టోన్ 12 పౌండ్లు మోస్తూ రెండోదిగా వచ్చింది. ఆ ఏడాది గెలిచిన నిక్ రాకెట్ ధర 33/1.

నిబంధనల్లో ఇంకొన్ని గోతులున్నాయి, త్వరగా చెప్తా. వారాల ముందు వేసే యాంటీ పోస్ట్ పందెంలో గుర్రం పరిగెత్తకపోతే డబ్బు పోయినట్టే, ‘నాన్ రన్నర్ నో బెట్’ (పరిగెత్తకపోతే పందెం రద్దు) అని రాసి ఉంటే తప్ప. ఆఖరి ప్లేస్‌కి రెండు గుర్రాలు సమానంగా వస్తే సగం సొమ్ముకే ధర కడతారు. తుది జాబితా వచ్చాక ఏదైనా గుర్రం తప్పుకుంటే రూల్ 4 కింద కోత పడొచ్చు, అది ప్లేస్ భాగానికీ పడుతుంది. తప్పుకున్న గుర్రం ధర 14/1 దాటి ఉంటే కోత లేదు. వేల్స్‌లో జరిగే వెల్ష్ నేషనల్ లాంటి, తక్కువ గుర్రాలు పరిగెత్తే రేసుల్లో మరీ జాగ్రత్త. పదహారు గుర్రాల్లో ఒక్కటి తప్పుకుని పదిహేను పరిగెత్తితే, మామూలు నిబంధనల ప్రకారం నాలుగో ప్లేస్ ఎగిరిపోయి మూడే మిగుల్తాయి.

ఇక వేసేటప్పుడు: ‘ధర మారింది’ అని వస్తే వెంటనే ఒప్పుకోకండి, ముఖ్యంగా ధర పెరిగినప్పుడు. స్లిప్‌లో బాణం నొక్కి ఎన్ని ప్లేసులు, ఎన్నో వంతు అని చదవండి. లెక్క తేడాగా ఉంటే స్లిప్ ఖాళీ చేసి, అదనపు ప్లేసుల మార్కెట్‌ని విడిగా వెతికి అందులోంచే వేయండి. బ్యానర్‌నీ, తెరిచిన స్లిప్‌నీ టైము కనపడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఇప్పటికే ఇలా పోగొట్టుకున్నవాళ్లు చాట్‌తో ఆగిపోకండి. ఈమెయిల్‌లో ‘ఫిర్యాదు’ అన్న మాట స్పష్టంగా రాసి పంపండి. ఎనిమిది వారాల్లో వాళ్లు తేల్చకపోయినా, కాదని తుది జవాబిచ్చినా, ఐబాస్ లాంటి స్వతంత్ర పరిష్కార సంస్థకి వెళ్లొచ్చు, కస్టమర్‌కి ఖర్చేమీ ఉండదు. మీ కంపెనీ ఏ సంస్థ కిందకి వస్తుందో వాళ్ల నిబంధనల పేజీలో ఉంటుంది. ఇదే బ్యానర్ చూసి ఇదే రేసులో ఐదో, ఆరో స్థానం గుర్రం మీద డబ్బు పోగొట్టుకున్నవాళ్లుంటే మీ స్క్రీన్‌షాట్లు దాచిపెట్టుకుని, ఈ వారంలోనే ఈమెయిల్ పెట్టండి.